మా ఊరి పాత నాటకాల హాలును మళ్లీ నాటకాలకే తెరవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడవుంటుంది, ఓపిక పట్టండి.

మా ఊళ్లో (పేరు ఇప్పుడే చెప్పను, ఆ స్థలం మీద కన్నేసినవాళ్లు ఉన్నారు) పాత బజారు వెనక ఒక హాలుంది. మొదట నాటకాలకే కట్టారు. పద్యనాటకాల కంపెనీలు దిగితే రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారేదాకా ఆడేవారని, హార్మోనియం సౌండు రేవుదాకా వినపడేదని మా నాన్నగారి తరం వాళ్లు చెబుతారు. టాకీలొచ్చాక వేదిక మీదే తెర కట్టేసి, వెనక వైపు ప్రొజెక్టర్ గది లేపి సినిమా హాలు చేశారు. అదీ మూతపడి చాలా కాలమైంది. మధ్యలో కొన్నాళ్లు ధాన్యం బస్తాలు వేసుకున్నారు, ఇప్పుడు పావురాలున్నాయి.

గోడలు భలే మందం, గానుగ సున్నంతో కట్టినవి. పైన చాలావరకు మంగళూరు పెంకు, ఒక పక్క పెంకు పోయి రేకులు వేశారు. టేకు దూలాలు చాలావరకు బాగానే కనిపిస్తున్నాయి, రెండు మూడు చోట్ల చెదలు పట్టింది. వేదిక ముందున్న కమాను, దాని మీద సున్నంతో చేసిన సరస్వతి బొమ్మ ఇంకా ఉన్నాయి, ముక్కు మాత్రం పోయింది. కుర్చీలు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు.

యజమాని వారసులు నలుగురు, ఒకాయన డల్లాస్‌లో ఉంటాడు. ఊళ్లో ఉన్న పెద్దాయన మాత్రం "అమ్మితే కల్యాణమండపం కడతారు, మీరేమన్నా చేయగలిగితే ఒక ఏడాది ఆగుతాను" అన్నారు. మేము ఓ పదిమందిమి ఉన్నాం: ఒక డ్రాయింగు మాస్టారు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు ఇద్దరు, కూచిపూడి నేర్పే అమ్మాయి, మిగతా అంతా నాటకాల పిచ్చోళ్లం. నేను మొన్న ముంబై వెళ్లినప్పుడు రాయల్ ఒపేరా హౌస్ అనే, బాగుచేసి మళ్లీ తెరిచిన పాత నాటకశాల చూశాను, అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. ఊళ్లో పిల్లలు అరంగేట్రానికి కూడా జిల్లా కేంద్రం దాకా వెళ్లి ఏసీ హాలు అద్దెకు తీసుకోవాల్సి వస్తోంది.

నాకు తెలియనివి మూడు. ముందు ఏ పని చేయాలి? సినిమా హాలు చేసినదాన్ని మళ్లీ నాటకానికి పనికొచ్చేలా మార్చగలమా? డబ్బు ఎక్కడ పుట్టించాలి? ఒక ఇంజనీరును తీసుకెళ్లి చూపిస్తే పది నిమిషాలు తిరిగి "కూల్చి కొత్తది కట్టుకోండి, చవకలో పోతుంది" అని వెళ్లిపోయారు. అది నిజమేనా?

సున్నంబట్టి

గట్టు గారూ, నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను గానీ, పది నిమిషాల్లో కూల్చమన్న మాటను మాత్రం పట్టించుకోకండి. కాలేజీలో అందరికీ కాంక్రీటే నేర్పుతారు, సున్నపు గోడ బలం ఎలా చూడాలో చాలామందికి తెలీదు. ఆయన తప్పేం కాదు, పాత కట్టడాలు చూసే ఆర్కిటెక్టునో స్ట్రక్చరల్ ఇంజనీరునో వేరే పిలిపించండి.

ముందు పైకప్పు. రంగు, సరస్వతమ్మ ముక్కు, కుర్చీలు అన్నీ తర్వాత. పాత కట్టడాన్ని చంపేది వయసు కాదు, నీళ్లు. ఈ వర్షాకాలం వచ్చేలోపు పగిలిన పెంకులు మార్చి, రేకుల కీళ్లు మూయించి, చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా దూరంగా పోయేట్టు కాలవ తీయించండి. ఆ ఒక్క పని చేస్తే మీకు మూడు నాలుగేళ్ల టైం దొరుకుతుంది. దూలాల కొసలు గోడలోకి వెళ్లే చోట పొడుచుకుని చూడాలి, బయటికి నిక్షేపంలా ఉన్న టేకు కూడా గోడలో కూరుకున్న జానెడు భాగం దగ్గర తడి తగిలి పుచ్చిపోతుంది. అక్కడే లోడ్ అంతా దిగేది. పుచ్చిన కొస వరకే కోసి కొత్త టేకు అతికించొచ్చు, దూలం మొత్తం మార్చక్కర్లేదు. పావురాల రెట్ట ఊడ్చేటప్పుడు మాస్కులు పెట్టుకోండి, నీళ్లు చల్లి ఊడ్చండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.

రెండోది, దయచేసి ఆ గోడలకు సిమెంటు తగలనివ్వకండి. సున్నపు గోడ నేలనుంచి తడి పీల్చుకుని గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూత వేస్తే ఆ తడి బయటికి రాలేక లోపలే పైకి పాకుతుంది, రెండేళ్లలో పూత ఉబ్బి రాలుతుంది, దాంతోపాటు ఇటుక మొహం కూడా ఊడొస్తుంది. దాత ఎవరో వచ్చి "నా ఖర్చుతో ప్లాస్టరింగ్ చేయిస్తా" అంటారు చూడండి, అప్పుడు వద్దనడమే మీకు అసలు కష్టం. సున్నం నానబెట్టి, ఇసుకతో గానుగ పట్టి, బెల్లం నీళ్లు కరక్కాయ నీళ్లు కలిపి వేసే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పాత గుళ్ల పనులు జరిగే చోట వాకబు చేయండి.

మీరు చూసొచ్చిన ముంబై హాలు గురించి ఒక మాట. 1911లో పని పూర్తి కాకముందే ఐదో జార్జి చక్రవర్తి చేతుల మీదుగా తెరిచారు, ఆ తర్వాత అదీ మీ హాలులాగే సినిమాల్లోకి పోయింది, 1993లో మూతపడింది. సినిమా కోసం పక్క బాక్సులు తీసేశారు. ఆర్కిటెక్టు ఆభా నారాయణ్ లాంబా బృందం పాత ఫొటోలు పట్టుకుని వాటిని మళ్లీ కట్టింది. 2016 అక్టోబరులో తెరుచుకుంది, మరుసటి ఏడాది యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. కాబట్టి సినిమాకు మార్చినదాన్ని వెనక్కి తేవడం అయ్యే పనే. కానీ అక్కడ యజమానులు గోండల్ రాజ వంశం వాళ్లు. మీకు రాజులు లేరు కాబట్టి అందులోంచి పద్ధతి తీసుకోండి, బడ్జెట్టు చూసి భయపడకండి. మీ లెక్కకు సిమ్లా గెయిటీ థియేటర్ దగ్గరగా ఉంటుంది, 1887 నాటిది, చిన్న హాలు, బాగుచేసి 2009లో మళ్లీ తెరిచారు, ఔత్సాహిక నాటక బృందాలకు అలవాటైన చోటు.

ఇంకో పని, పైసా ఖర్చు లేనిది. ఊళ్లో ప్రతి ఇంటి ఆల్బమ్ వెతికించండి. పెళ్లి ఊరేగింపు ఫొటోలో వెనకాల మీ హాలు ముఖద్వారం పడి ఉంటుంది, స్కూలు వార్షికోత్సవం ఫొటోలో వేదిక పడి ఉంటుంది. ఏది పాతదో ఏది తర్వాత అతికించిందో తేల్చేవి అవే.

రెండోఅంకం

ముప్పయ్యేళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నవాణ్ణి, డైరెక్షనూ చేస్తాను. పై ఆయన గోడల గురించి చెప్పారు, నేను గోడల మధ్య సంగతి చెబుతాను.

గట్టు గారూ, వెళ్లి తెర వెనక గోడ చూడండి. అది పాత గోడేనా, లేక సినిమా స్పీకర్లకు పది అడుగులు వదిలి మధ్యలో కొత్తగా కట్టిన అడ్డుగోడా? చాలా ఊళ్లలో నాటకాల వేదికను సగానికి కోసి వెనక భాగాన్ని స్టోరుగా వాడుకున్నారు. ఆ అడ్డుగోడ తీసేస్తే మీ స్టేజీ లోతు మీకు తిరిగొస్తుంది. కమాను వెడల్పు ముప్పై అడుగులు, లోతు ఇరవై పైన ఉంటే ఏ నాటకమైనా ఆడొచ్చు, కూచిపూడికీ సరిపోతుంది. సురభి నాటక సమాజం వాళ్లను పిలవాలంటే ఇంకా లోతు కావాలి, పైన తీగలు లాగడానికి ఎత్తూ కావాలి. మాయాబజార్‌లో గాల్లోంచి మనుషులు దిగాలి కదా మరి. అందుకే వాళ్లు ఎప్పటినుంచో సొంతంగా షెడ్డు వేసుకుని తమకు కావలసినట్టు ఏర్పాటు చేసుకుంటారు.

రెండు పక్కలా వింగులకు (నటులు మరుగున నిలబడే చోటుకు) జాగా, వేదిక వెనకనుంచే అటునుంచి ఇటు వెళ్లే దారి (లేకపోతే దుర్యోధనుడు హాలు బయటినుంచి రోడ్డు మీద పరిగెత్తి రెండో వైపు రావాలి, నేను పరిగెత్తాను, వానలో), ఆడవాళ్లకు వేరే గ్రీన్ రూమ్, దానికి ఆనుకుని నీళ్లొచ్చే బాత్రూము. ఇవి లేకుండానే లక్షలు పోసి హాళ్లు కట్టారు మన దగ్గర. ముందు షాండ్లియర్ కొంటారు, మేకప్ వేసుకోవడానికి అద్దం ఉండదు.

సౌండు సంగతి. సినిమా హాలు చేసినప్పుడు గోడలకు అట్టలు, గోనెగుడ్డ కొట్టి ప్రతిధ్వని చంపేస్తారు, ఎందుకంటే సౌండు స్పీకర్లోంచి వస్తుంది. మనకు నటుడి గొంతు గోడకు తగిలి కొంచెం సాయం చేసుకుని చివరి వరసకు చేరాలి. అలాగని అట్టలన్నీ పీకేస్తే ఖాళీ హాలు గుహలా మోగుతుంది, మాట మీద మాట పడుతుంది. మాటల నాటకానికి ప్రతిధ్వని ఒక సెకను దాటకుండా ఉంటే మంచిది, సంగీతానికి ఇంకొంచెం ఉన్నా అందమే. ముందు వేదిక దగ్గరి అట్టలు తీసి, వెనక గోడవి ఉంచి, ఒకాయన్ను వేదిక మీద నిలబెట్టి పద్యం పాడించండి. మీరు నాలుగు మూలలా కూర్చుని వినండి. ఆ తర్వాత అవసరమైతే సౌండు ఇంజనీరు.

కుర్చీల జోలికి ఇప్పుడే వెళ్లకండి. ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకు దొరుకుతాయి. స్థిరమైన కుర్చీలు బిగిస్తే ఆ హాలు ఒక్క రకం పనికే. నేల ఖాళీగా ఉంటే పగలు డాన్సు క్లాసు, సాయంత్రం బుర్రకథ, ఆదివారం పిల్లల వర్క్‌షాపు. ప్రొజెక్టర్ గదిని లైటింగు గదిగా వాడుకోండి, అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఇక అసలు మాట. నాకు తెలిసిన ఒక ఊళ్లో (పేరొద్దు) ఇలాగే పాత హాలు బాగుచేశారు, మంత్రిగారు రిబ్బను కోశారు, తర్వాత ఏడాదికి ఆరు ప్రోగ్రాములు. కరెంటు బిల్లు కట్టలేక తాళం పడింది. బాగుచేయడానికి దాతలుంటారు, శిలాఫలకం మీద పేరు పడుతుంది గనక. వాచ్‌మన్ జీతానికి దాత ఉండడు. కాబట్టి ప్రోగ్రాములు ముందు, మరమ్మతు వెనక. సగం పెంకు లేకపోయినా, ఆ హాలులోనే నెలకొకటి ఆడటం మొదలుపెట్టండి. జనం రావడం మొదలైతే పెంకు దానంతట అదే వస్తుంది.

ముక్కుసూటి

అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేనొక్కణ్ణి చల్లనీళ్లు పోస్తున్నందుకు ఏమనుకోకండి. ఉద్యోగం మీద కొన్నాళ్లు కోల్‌కతాలో ఉన్నాను. అక్కడి స్టార్ థియేటర్ అంటే బెంగాలీ నాటకానికి పుట్టిల్లు, నాటకకర్త గిరీశ్ ఘోష్, నటి బినోదిని పేర్లతో ముడిపడినది. 1991లో కాలిపోయింది. కార్పొరేషన్ వాళ్లు ముఖభాగం పాత పోలికలోనే ఉంచి లోపల కొత్తగా కట్టి 2004లో తెరిచారు. తెరిచాక ఎక్కువగా ఆడినవి సినిమాలే! 2024 చివర్లో బినోదిని పేరు పెడుతున్నట్టు ప్రకటించారు, సంతోషం, కానీ పేరుతో నాటకం వస్తుందా? నాటకాలంటే ప్రాణమిచ్చే బెంగాలీల దగ్గరే ఇలా అయితే మన ఊళ్లో టికెట్ కొని నాటకం చూసేదెవరు? మన వాళ్లకు నాటకమంటే ఫ్రీ అని అలవాటు. కల్యాణమండపం కట్టినా దాంట్లో వేదిక ఉంటుంది కదా, అక్కడే ఆడుకోవచ్చు.

రెండోఅంకం

కల్యాణమండపంలో ఎప్పుడైనా నాటకం ఆడారా సార్? వేదిక మీద పెళ్లి పీటల మండపం స్తంభాలు బిగించేసి ఉంటాయి, హాలు నిండా పాలరాయి, మూడో వరస నుంచి ఒక్క ముక్క వినపడదు. ముహూర్తాల రోజుల్లో మనకు ఇవ్వరు, మూఢంలోనే నాటకాలు ఆడుకోవాలి. ఫ్రీ అలవాటు సంగతి మాత్రం ఒప్పుకుంటాను, అది మేము చేసుకున్నదే.

మద్రాసుబాబాయి

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. సెంట్రల్ స్టేషన్ దిగిన ప్రతివాడికీ రిప్పన్ బిల్డింగ్ (కార్పొరేషన్ ఆఫీసు) కనిపిస్తుంది, దాని పక్కనే ఎర్ర ఇటుకల విక్టోరియా పబ్లిక్ హాలు. దానికి 1883 డిసెంబరులో పునాది రాయి వేసింది మన విజయనగరం రాజా పూసపాటి ఆనంద గజపతిరాజు గారు. డిజైన్ ఇంగ్లీషు ఆర్కిటెక్టు చిజమ్‌ది, కట్టింది నంబెరుమాళ్ చెట్టి. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరు మీద ఆ పేరొచ్చింది.

తెలుగు నాటకానికి దానితో ఉన్న బంధం ఇంకా గట్టిది. 1891లో బళ్లారి నుంచి సరస వినోదినీ సభ వాళ్లు వచ్చి మద్రాసులో ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి నాటకాలు ఆడారు. ఆచార్యులు గారు వకీలు. అప్పట్లో నాటకాలవాళ్లంటే పెద్ద కుటుంబాల్లో చిన్నచూపు, అలాంటిది చదువుకున్నవాళ్లు, కోర్టుకెళ్లేవాళ్లు వేషం కట్టడం చూసి పమ్మల్ సంబంధ మొదలియార్ అనే కుర్రాడికి కళ్లు తెరుచుకున్నాయి. ఆ ఏడాదే సుగుణ విలాస సభ పెట్టారు, తమిళ ఔత్సాహిక నాటకానికి అదే మొదటి మెట్టు. చాలా ఏళ్లు ఆ సభకు ఈ హాలే ఇల్లు. ఆచార్యులు గారి మేనల్లుడు, పేరుమోసిన నటుడు బళ్లారి రాఘవ కూడా ఆ సభతో కలిసి ఆడారు. తమిళ మిత్రులకు ఈ కథ చెప్పినప్పుడల్లా నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, చెప్పకుండా ఉండలేను.

అంత చరిత్ర ఉన్న హాలు, ఊరి నడిబొడ్డున, రైల్వే స్టేషన్ ఎదురుగా ఉండి కూడా దశాబ్దాలు పాడుబడిపోయింది. కార్పొరేషన్ నేల, ట్రస్టు చేతిలో కట్టడం, 99 ఏళ్ల లీజు. ఎవరిది బాధ్యతో తేలక పనులు సాగలేదు. చివరికి ఈమధ్య కార్పొరేషనే కోట్లు పెట్టి పెద్ద మరమ్మతు చేయించింది. ముక్కుసూటి గారు జనం లేరంటారు గానీ, నేను చూసినంతలో హాళ్లు మూతపడేది కాగితాల వల్ల. గట్టు గారూ, నలుగురు వారసుల సంతకాలు ముందు సంపాదించండి. డల్లాస్ ఆయన కూడా. పెద్దాయన నోటిమాట పెద్దాయన ఉన్నంతవరకే.

పీచ్‌ట్రీవీధి

బాబాయిగారి మాటకు కొనసాగింపు. నేను అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో ఉంటాను, ఇక్కడి ఫాక్స్ థియేటర్ కథ మీకు ఉపయోగపడొచ్చు. 1929 క్రిస్మస్ రోజున తెరిచారు. 1970ల్లో సినిమాకు జనం తగ్గాక పక్కనున్న టెలిఫోన్ కంపెనీ కొని కూల్చేసి ఆఫీసు టవరు కట్టాలనుకుంది. ఊళ్లోవాళ్లు గోల చేశారు, ప్రదర్శనలు చేశారు, ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టి 1975లో అప్పు చేసి హాలు కొన్నారు. మొత్తం బాగయ్యేదాకా తాళం వేసుకుని కూర్చోలేదు, కచేరీలు పెట్టి నడుపుతూనే 1978 కల్లా ఆ అప్పు తీర్చేశారు. ఇప్పుడు అదే సంస్థ జార్జియాలోని చిన్న ఊళ్ల పాత థియేటర్లకు సలహాలు, గ్రాంట్లు ఇస్తోంది. నాలుగున్నర వేల సీట్ల హాలు అది, మీతో పోలిక లేదు, కానీ రెండోఅంకం గారు చెప్పిన "ఆడుతూ బాగుచేయడం" పనిచేస్తుందనడానికి సాక్ష్యం. ఇక్కడ చాలా పాత థియేటర్లలో టికెట్ మీద ఒకటి రెండు డాలర్లు మరమ్మతు నిధి అని విడిగా వేస్తారు, జనం గొణగరు. మీరూ పది రూపాయలు వేయండి.

ఇక ఇండియా రూల్సు. మా ఊరి లైబ్రరీ కోసం తిరిగినప్పుడు తెలుసుకున్నవి చెబుతున్నాను, ఆడిటర్‌తో మరోసారి సరిచూసుకోండి.

కొత్త సంస్థ పెట్టగానే కంపెనీల సీఎస్ఆర్ డబ్బు (లాభాల్లోంచి సమాజం పనులకు ఖర్చుపెట్టేది) వస్తుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. పాత కట్టడాల మరమ్మతు, కళలు సీఎస్ఆర్ జాబితాలో ఉన్నాయి, నిజమే. కానీ ట్రస్టుకైనా సొసైటీకైనా 12ఏ, 80జీ అనే ఆదాయపన్ను రిజిస్ట్రేషన్లతో పాటు మూడేళ్ల పని చరిత్ర చూపించాలి. అందుకని మీ ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న సాహితీ సంస్థో, గ్రంథాలయ సంఘమో, రికార్డులు శుభ్రంగా ఉన్నది ఏదైనా ఉంటే దాని కింద ఒక విభాగంగా మొదలుపెట్టండి. మూడేళ్లు కలిసొస్తాయి.

విదేశాల నుంచి డబ్బు తీసుకునేముందు ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడ ఉంటున్నా ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, ఓసీఐ కార్డున్నా (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) సరే, విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద అనుమతి కావాలి. ఇక్కడి సంఘాల పేరు మీద పంపినా అంతే. తెలియక తీసుకుని చిక్కుల్లో పడ్డవాళ్లున్నారు. డల్లాస్ ఆయనను డబ్బు అడగకండి, సంతకం అడగండి. ఆయన పవరాఫ్ అటార్నీ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపొచ్చు. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ చేయించాల్సిందే, స్టాంపు కాగితం మీద రాసుకుంటే చెల్లదు. ఇరవై ముప్పై ఏళ్లకు తక్కువ లీజైతే గ్రాంటు ఇచ్చేవాళ్లు మొహం తిప్పుకుంటారు, మీరు బాగుచేశాక ఖాళీ చేయమంటే ఎలా అని.

ఇంకొకటి, టికెట్ ఐదొందల లోపు ఉంటే నాటకానికీ, నృత్యానికీ, కచేరీకీ జీఎస్టీ లేదు. కాబట్టి ఫ్రీ అలవాటు మానిపించడానికి పన్ను అడ్డం రాదు.

సున్నంబట్టి

ఒకటి చెప్పడం మరిచాను, రెండోఅంకం గారు "సగం పెంకు లేకపోయినా ఆడండి" అన్నారు గనక ఇది చెప్పాలి. జనాన్ని లోపలికి పిలిచేముందు తలుపులన్నీ బయటికి తెరుచుకునేలా చేయించండి, సినిమా రోజుల్లో టికెట్ లేనివాళ్లు దూరకుండా ఇటుక పెట్టి మూసేసిన పక్క తలుపులుంటే తెరిపించండి. పాత వైరింగు మొత్తం పీకి పారేయండి, ఒక్క తీగ కూడా వాడొద్దు. బాల్కనీ ఎవరూ ఎక్కకుండా తాళం. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదంలో 59 మంది పోయారు, మంటకన్నా ఎక్కువ పొగ, మూసుకుపోయిన దారులు. పెంకు కింద అంతా ఎండిన టేకు, కర్టెన్లు, మేకప్ గదిలో దీపం, ఒక్కసారి ఆలోచించండి. ఫైర్ ఆఫీసరు దగ్గరికి మీరే ముందు వెళ్లండి, ఆయనొచ్చి తప్పులు పట్టేదాకా ఆగకండి. మొదటి ప్రోగ్రాములు హాలు బయట, ఆ ముఖద్వారం ముందు పెట్టుకోండి, లోపలికి తర్వాత వెళ్దురుగాని.

రెండోఅంకం

ఒప్పుకున్నాను. ముఖద్వారం మెట్లే వేదిక. బుర్రకథకు అంతకన్నా ఏం కావాలి.

గోదారిగట్టు

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న సాయంత్రం టార్చి లైటేసుకుని వెళ్లి చూశాం. రెండోఅంకం గారూ, తెర వెనక గోడ నిజంగానే కొత్తది, సిమెంటు ఇటుక! దాని పక్క సందులోంచి దూరి చూస్తే వెనకాల పన్నెండు అడుగుల పైన ఖాళీ ఉంది, విరిగిన కుర్చీల కుప్ప, పైన దూలానికి తెరలు లాగే చెక్క కప్పీలు రెండు ఇంకా వేలాడుతున్నాయి. మా డ్రాయింగు మాస్టారికి కళ్లనీళ్లు తిరిగాయి. పక్క తలుపులు రెండు మూసేసి ఉన్నాయి, సున్నంబట్టి గారు చెప్పినట్టే.

పెద్దాయనతో మాట్లాడాను. సంతకాల మాట ఎత్తితే మొదట చిన్నబుచ్చుకున్నారు, "నా మాట మీద నమ్మకం లేదా" అని. మా బ్యాంకు రిటైర్డ్ ఆయన నెమ్మదిగా చెప్పాక డల్లాస్ తమ్ముడికి ఆయనే ఫోను చేశారు. తమ్ముడు "ఇరవై ఏళ్లకైతే సరే, ముప్పై వద్దు" అంటున్నాడు. పెంకు పని మాత్రం లీజు అయ్యేదాకా ఆగకుండా వచ్చే వారం మొదలుపెడదామని పెద్దాయనే అన్నారు, పెంకులు ఆయనవి, కూలి మాది.

ఒక సందేహం మిగిలింది. ముక్కుసూటి గారి మాట మనసులో తిరుగుతోంది. మెట్ల మీద పెట్టే మొదటి ప్రోగ్రాముకే టికెట్ పెట్టాలా, లేక అలవాటు పడేదాకా ఉచితమా? మాలో సగం మంది అటు, సగం ఇటు.

ముక్కుసూటి

టికెట్ పెట్టండి. నేను వస్తాను, మాది పక్క జిల్లానే. చవగ్గా పెట్టొద్దు, యాభై పెట్టండి. ఫ్రీ అంటే మధ్యలో లేచిపోతారు.

రెండోఅంకం

మొదటిసారిగా ముక్కుసూటి గారితో ఏకీభవిస్తున్నాను. యాభై, ముందు వరసలకు వంద. పదేళ్లు దాటని పిల్లలకు టికెట్ వద్దు, వాళ్లను కూర్చోబెట్టుకోవడమే మనకు లాభం. ఏప్రిల్ 16న పెట్టుకోండి, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, మన నాటకరంగ దినోత్సవం. అప్పటికి ఎండ ముదిరినా సాయంత్రం ఆరున్నర తర్వాత మెట్ల మీద కూర్చోవచ్చు. ప్రదర్శనకు మా బృందం వస్తుంది, పారితోషికం వద్దు, వ్యాను కిరాయి మాత్రం ఇవ్వండి. ఆ కప్పీలు మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి, తుక్కు కొనేవాడి కంట పడితే పోతాయి. కిందికి దించి నంబర్లు రాసి ఎవరింట్లోనైనా దాచండి, ఏది ఏ దూలానికి ఉండేదో ఫొటో తీసి పెట్టుకోండి.